డచ్ పొడుగు మాటలు, క్లెమ్‌తోన్, మాట్లాడే పరీక్ష: నా అనుభవం

డచ్ నేర్చుకుంటున్నానని చెప్పగానే ఇక్కడ నెదర్లాండ్స్‌లో మనవాళ్ళు అడిగే మొదటి మాట, "ఆ గొంతులో గీరే 'గ' వస్తోందా?" అని. వస్తోంది. అది నెలా నెలన్నరలో వచ్చేసింది. నన్ను ఏడాది పాటు తిప్పలు పెట్టింది వేరే. పొడుగు మాట ఎదురైతే దాన్ని ఎక్కడ విరవాలి, విరిచాక ఏ ముక్క మీద నొక్కాలి అన్నది. అది కుదరకపోతే ఒక్కో అక్షరం ఎంత శుద్ధంగా పలికినా ఎదుటివాళ్ళు మొహం చిట్లిస్తారు, మర్యాదస్తులైతే ఇంగ్లీషులోకి మారిపోతారు. ఈ విషయం ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు కొంత డబ్బు, బోలెడు టెన్షన్ మిగిలేవి. అందుకే రాస్తున్నాను.

డచ్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. గొంతు గీరే శబ్దానికి 'ఖ' వాడాను. త, ద అని ఉన్నచోట త, ద అనే పలకండి. డచ్ వాళ్ళ త, దలు నా చెవికి ఇంగ్లీషు ట, డల కన్నా మన త, దలకే దగ్గరగా వినిపిస్తాయి. నొక్కి పలకడాన్ని వాళ్ళు క్లెమ్‌తోన్ అంటారు. తెలుగులో ఊనిక అనొచ్చు.

మేము 2018 జూన్‌లో ఆఫీసు వీసా మీద ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్ వచ్చాం. ఐదేళ్ళు నిండితే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు కానీ దానికి ఇన్‌బుర్‌ఖరింగ్ అనే పరీక్ష, అంటే బయటి దేశాలవాళ్ళకి పెట్టే డచ్ భాష, సమాజం పరీక్ష, పాసవ్వాలి. మాలాంటి ఉద్యోగ వీసా వాళ్ళకి అది తప్పనిసరి కాదు. దరఖాస్తు పెట్టాలనుకుంటేనే రాయాలి, భాషలో ఏ2 అనే ప్రాథమిక స్థాయి చాలు. 2023లో నేను కట్టినప్పుడు చదవడం, వినడం, రాయడం ఒక్కోదానికి 50 యూరోలు, మాట్లాడడానికి 60, డచ్ సమాజం గురించిన పేపరుకి 40. మొత్తం 250. చదవడం, వినడం ఆ ఏడాది మొదట్లోనే అయిపోయాయి. రాయడం కూడా గట్టెక్కింది. మాట్లాడడం మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను.

దానికి కారణం ఆఫీసు. నేను పనిచేసేది ఒక బీమా సంస్థ ఐటీ విభాగంలో, టెస్టింగ్. మా టీములో ఇంగ్లీషే నడుస్తుంది కానీ స్క్రీన్ల మీద ఉండేవన్నీ డచ్ మాటలే, అవి కూడా మామూలువి కావు. ఉదాహరణకి పనిచేయలేని స్థితికి వచ్చినవాళ్ళకి డబ్బిచ్చే బీమా ఉంది. దాని పేరు అర్-బెయ్ట్స్-ఒన్-ఖ-స్ఖిక్ట్-హెయ్ట్స్-వర్-జే-క-రింగ్. మధ్యలో గీతలు మీకోసం నేను పెట్టినవి. స్క్రీన్ మీద 33 అక్షరాలు ఒక్క ఖాళీ కూడా లేకుండా వరసగా ఉంటాయి. నేను మీటింగులో ఆ పేరు చదివితే బిజినెస్ వాళ్ళు ఒక క్షణం ఆగి, "ఓ, ఆ-ఓ-వే!" అనేవాళ్ళు. అంటే వాళ్ళు అంత పొడుగు మాట అననే అనరు, మూడు అక్షరాలు చాలు. ఇది నాకు మొదటి ఆశ్చర్యం. పొడుగు మాటలు పుట్టించేదీ వాళ్ళే, తప్పించుకునేదీ వాళ్ళే. అందులోనూ ఒక మెలిక ఉంది. ఇలాంటి పొడి అక్షరాల్లో ఊనిక చివరి అక్షరం మీద పడుతుంది. ఆ-ఓ-వేలో 'వే' మీద, విమానాల కంపెనీ కా-ఎల్-ఎమ్‌లో 'ఎమ్' మీద. మామూలు పొడుగు మాటల్లో మాత్రం అది మొదట్లో ఉంటుంది. ఆ తేడా నాకు చాలా రోజులకి కానీ తెలియలేదు.

2022 నవంబరులో ఒక ఫోన్ లైన్‌కి చేశాను. అవతల మనిషి లేరు, మెషీన్. "మీరు ఎందుకు ఫోన్ చేశారో ఒకటి రెండు మాటల్లో చెప్పండి" అంది. ముందున్న ఉత్తరంలో ఉన్న మాటే చూసి చదివాను, జీక్-త-కొస్-తన్-వర్-జే-క-రింగ్ అని, అంటే ఆరోగ్య బీమా. అర్థం కాలేదంది. నెమ్మదిగా చెప్పాను, అర్థం కాలేదంది. గట్టిగా చెప్పాను. పక్క గదిలోంచి మా ఆవిడ వచ్చి, "ఎవరితోనండీ గొడవ?" అంది. ఆ రాత్రే ఫోన్లో నా గొంతు రికార్డు చేసుకుని విన్నాను. నాకైతే శుభ్రంగా వినిపించింది. అదే అసలు సమస్య. తప్పు ఎక్కడుందో మన చెవికి దొరకదు.

తర్వాతి వారం లోఖోపేదిస్త్ కోసం వెతికాను. మాట సరిచేసే థెరపిస్టు. మా బీమాలో ఆ వైద్యం ఉందని చూసి ధైర్యంగా అపాయింట్‌మెంట్ అడిగాను. అక్కడ తెలిసింది, జబ్బువల్లో గాయంవల్లో మాట ఇబ్బంది అయితేనే బేసిక్ బీమా ఇస్తుంది, మాతృభాష వేరు కావడం వల్ల వచ్చే యాసకి ఇవ్వదు. జేబులోంచే కట్టుకోవాలి. అరగంటకి 50 యూరోల పైనే. పైగా ఏడు వారాలు ఆగమన్నారు. సరేనని పేరు రాయించుకున్నాను. క్రిస్మస్ సెలవులు కూడా కలిసి జనవరి చివరికి గానీ పిలుపు రాలేదు.

అయినా ఆ మొదటి అరగంటకి ఇచ్చిన డబ్బు మాత్రం వృథా కాలేదు. ఆవిడ నా చేత ఓ కాగితం చదివించి, దాన్ని కంప్యూటర్లో గీతలుగా చూపించింది. ఆ సాఫ్ట్‌వేర్ పేరు ప్రాత్, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసింది, ఉచితంగా దొరుకుతుంది. మాట ఏ ముక్క దగ్గర ఎంత సాగింది, స్వరం ఎక్కడ పైకి లేచింది, అంతా అందులో కనిపిస్తుంది. పన్ను రిటర్ను అనే మాట తీసుకుంది ఆవిడ, బ-లస్-తింగ్-ఆన్-ఖిఫ్-త. ఆవిడ పలికినప్పుడు గీత 'లస్' దగ్గర లేచి అక్కణ్ణుంచి కిందికి దిగింది. నేను పలికినప్పుడు 'లస్' దగ్గర ఏమీ లేదు, 'ఆన్' దగ్గర పెద్ద గుట్ట.

"నీ భాషలో దీర్ఘాలు ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. "అందుకే" అంది. అప్పుడు వెలిగింది నాకు. మనకి దీర్ఘం అంటే దీర్ఘమే, ఎక్కడున్నా సాగదీస్తాం. డచ్ చెవికి సాగిన చోటల్లా నొక్కినట్టు వినిపిస్తుంది. అర్-బెయ్ట్స్-ఒన్... మాటలో ఊనిక ఉండాల్సింది మొట్టమొదటి 'అర్' మీద, అది పొట్టి అచ్చు. నేను దాన్ని చప్పగా దాటేసి, ఎక్కడో ఎనిమిదో ముక్కగా వచ్చే 'జే' దగ్గర సాగదీస్తున్నాను. జీక్-త-కొస్-తన్-వర్-జే-క-రింగ్‌లోనూ అంతే, మొదటి 'జీక్'ని వదిలేసి 'జే'ని పట్టుకుంటున్నాను. అంటే వినేవాళ్ళకి మాట మొదలే దొరకడం లేదు. డచ్‌వాళ్ళు మాటని గుర్తుపట్టడానికి మొదట పట్టుకునేది ఊనిక ఉన్న ముక్కనేనట. అది తప్పు చోట ఉంటే తప్పు మాట కోసం వెతుకుతారు.

ఇంకొకటి కూడా చూపించింది. మనం ప్రతి అచ్చునీ నిండుగా పలుకుతాం. వాళ్ళు ఊనిక లేని చోట అచ్చుని దాదాపు మింగేస్తారు. 'వర్', 'ఖ', 'బ', 'త' అని నేను రాసినవన్నీ నిజానికి అంత తేటగా ఉండవు, నోరు సగమే తెరిచినట్టు వస్తాయి. చివర 'అన్' ఉంటే ఆ 'న్' కూడా చాలామంది పలకరు. కొస్తన్ అని రాసి 'కొస్త' అంటారు. "నువ్వు పొడుగు మాట పలికితే పది ముక్కలూ పది సైనికుల్లా నిలబడి ఉన్నాయి" అంది నవ్వుతూ.

రెండో అరగంట అయ్యాక ఆవిడే చెప్పింది, "నీకు థెరపీ అక్కర్లేదు, రోజూ వినిపించుకునే మనిషి కావాలి. లైబ్రరీలో తాల్‌హౌస్‌కి వెళ్ళు" అని. అంత నిజాయితీగా డబ్బు వద్దనుకున్న మనిషిని ఈ దేశంలో మొదటిసారి చూశాను.

తాల్‌హౌస్ అంటే చాలా లైబ్రరీల్లో ఉండే భాషా సాయం చేసే చోటు. పేరిస్తే ఒక వాలంటీరుని జత చేస్తారు, డబ్బు తీసుకోరు. కాకపోతే వాలంటీర్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. నాకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరిదాకా ఎదురుచూపే. జతపడింది ఒక రిటైర్డ్ స్కూల్ టీచరు, డెబ్బై దాటినావిడ. ప్రతి మంగళవారం సాయంత్రం లైబ్రరీ రెండో అంతస్తులో గంటసేపు. మేడమ్ అనబోతే మొదటిరోజే ఆపేసి పేరు పెట్టి పిలవమంది. నాకు నోరు రాక చాలాకాలం ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొచ్చాను.

ఆవిడ పద్ధతి పూర్తిగా వేరు. మొదట పలకొద్దు, కొయ్యి అంది. పొడుగు మాటని వెనకనుంచి కోసుకుంటూ రావాలి. చివరి భాగం ఏమిటి? వర్‌జేకరింగ్, అంటే బీమా. అయితే ఇది ఏదో ఒక బీమా. దాని ముందేముంది? ఒన్‌ఖస్ఖిక్ట్‌హెయ్ట్, చేతకానితనం. దాని ముందు? అర్‌బెయ్ట్, పని. పదో తరగతిలో తత్పురుష సమాసాలకి విగ్రహవాక్యాలు రాసినవాళ్ళం కదా, ఇది నాకు రెండు వారాల్లో పట్టుబడింది. వెనకనుంచి కోస్తే ఇంకో లాభం కూడా ఉంది. ఇంగ్లీషు 'ద' (the) లాగా ఆ మాటకి ముందు 'ద' వస్తుందా 'హెత్' వస్తుందా అన్నది చివరి భాగమే నిర్ణయిస్తుంది.

అతుకులు కనిపెట్టడానికి కొన్ని గుర్తులు చెప్పింది. మధ్యలో 'హెయ్ట్స్' అనో 'ఇంగ్స్' అనో వినిపిస్తే ఆ 'స్' దగ్గర అతుకు ఉన్నట్టే. ఇన్‌బుర్‌ఖరింగ్స్-ఎక్సామన్‌లో మధ్య 'స్' అలాంటిదే. మరి పన్ను మాటలో బలస్తింగ్ తర్వాత 'స్' ఏదీ అని అడిగాను. "దానికి లేదు" అంది, అంతే. కొన్నిటికి అతుకు దగ్గర 'అన్' వస్తుంది. పాన్‌కేక్‌ని వాళ్ళు పన్నకూక్ అంటారు, 1995లో స్పెల్లింగ్ మార్చినప్పుడు మధ్యలో ఒక 'న్' చేర్చారు. "నేను పిల్లలకి ఇరవై ఏళ్ళు ఒకలా నేర్పాక మార్చారు, ఎవరూ పలకని అక్షరం!" అని ఆవిడకి ఇప్పటికీ కోపమే. ఆ సాయంత్రం సగం ఆ కోపానికే పోయింది.

కోయడం వచ్చాక ఊనిక. సూత్రం చెప్పడానికి చిన్నదే. సమాసంలో మొదటి భాగం గెలుస్తుంది. కానీ మొదటి భాగం అంటే మొదటి ముక్క అనుకోకూడదు. ఇక్కడే మనవాళ్ళు చాలామంది బోల్తాపడతారు. మొదటి భాగం విడిగా ఉన్నప్పుడు దానికి ఊనిక ఎక్కడ ఉంటుందో అక్కడే పొడుగు మాటకీ ఉంటుంది. నివాస అనుమతి అంటే వర్-బ్లెయ్ఫ్స్-వర్-ఖున్-నింగ్. విడిగా వర్‌బ్లెయ్ఫ్‌లో 'బ్లెయ్ఫ్' మీద ఊనిక, కాబట్టి ఇందులోనూ అక్కడే. బలస్తింగ్‌లో 'లస్', మునిసిపాలిటీ ఆఫీసు ఖ-మేన్-త-హౌస్‌లో 'మేన్'. మాట మొదట్లో ఉపసర్గలుగా వచ్చే బ, ఖ, వర్ మీద ఊనిక ఎన్నడూ పడదు అని గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. పిల్లల డేకేర్‌కి ప్రభుత్వం ఇచ్చే సాయం కిన్-దర్-ఒప్-ఫంగ్-తూ-స్లఖ్‌లో మాత్రం మొట్టమొదటి 'కిన్' మీదే.

మిగతా భాగాలకి కూడా తలా కొంచెం ఊనిక ఉంటుంది, కానీ మొదటిదాని కన్నా తక్కువ. బీమా మాటలో 'అర్' పైమెట్టు, 'ఒన్' దాని కింద, 'జే' ఇంకా కింద. ఆవిడ మాట పలకనిచ్చేది కాదు, ముందు రాగం తియ్యమనేది. "దా-ద-ద-ద..." అని లైబ్రరీలో కూని రాగాలు తీస్తుంటే అటుపక్క చదువుకునే కుర్రాళ్ళు చూసేవాళ్ళు. సిగ్గేసింది. కానీ పనిచేసింది. రాగం కుదిరాక అందులో అక్షరాలు పెడితే 'జే' దానంతటదే లొంగింది.

ఈ మధ్యలో నేనొక సొంత తెలివి చూపించాను. ఇంటికొచ్చి మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుని, చిన్నప్పటి ఛందస్సు గుర్తొచ్చి, గురులఘువులు గుర్తించాను. చూస్తే ఆ బీమా మాటలో పది ముక్కల్లో ఒక్క 'క' తప్ప తొమ్మిదీ గురువులే! దీర్ఘం ఉంటే గురువు, పక్కన సంయుక్తం ఉంటే గురువు, హల్లుతో ఆగితే గురువు. డచ్‌లో హల్లుల గుంపులే గుంపులు కాబట్టి అంతా గురుమయం. అది ఊనిక గురించి ఏమీ చెప్పదు. వాళ్ళకి ఆ తొమ్మిదిమందిలో పెద్దాయన ఎవరన్నదే ముఖ్యం. అప్పటినుంచి గురులఘువులు మానేసి, ఊనిక ముక్క కింద ఎర్రపెన్నుతో ఒక్క గీత, మింగేయాల్సిన అచ్చుల మీద చిన్న చుక్క పెట్టుకున్నాను. ఇప్పటికీ ఆ నోట్‌బుక్ అలాగే నడుస్తోంది.

ముక్కలు విరవడం మాత్రం మా అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. అప్పుడు దానికి ఆరేళ్ళు. ఇక్కడి బడుల్లో చిన్నపిల్లల చేత మాటని చప్పట్లతో విరిపిస్తారు. ముక్కకి ఒక చప్పట. తర్వాత చదవడం మొదలయ్యాక చేత్తో నరికినట్టు చూపిస్తూ శబ్దాలు విడగొట్టి, మళ్ళీ అతికిస్తారు. దాన్ని హక్కన్ ఎన్ ప్లక్కన్ అంటారు. నేను బంతులు అనే మాటని బల్-లన్ అని రెండు ల్‌లతో నొక్కి చదివితే, "కాదు నాన్నా, బ-లన్" అంది. పుస్తకంలో రెండు ల్‌లు ఉన్నాయి కదమ్మా అన్నాను. "రాసేటప్పుడు రెండు, చెప్పేటప్పుడు ఒకటే" అంది విసుగ్గా.

మంగళవారం టీచరుని అడిగితే, పిల్ల చెప్పిందే రైటంది. వరస చివర మాట విరిచి రాయాల్సి వస్తే బల్-లన్ అనే విరవాలి. నోటికి మాత్రం అక్కడ ఒక్క 'ల'నే. రెండోది ముందున్న అచ్చు పొట్టిది అని చెప్పడానికి రాసే గుర్తు మాత్రమే. మనకి 'అమ్మ'లో రెండు మ్‌లూ నిజంగా పలికే మ్‌లు. అందుకని మన నాలుక ప్రతి జంట హల్లు దగ్గరా ఆగిపోతుంది. ఆ ఆగడం కూడా వాళ్ళకి ఊనికలా వినిపిస్తుంది. ఇలాగే గుర్తు చేసుకోవడం అనే మాటని రాతలో హెర్-ఇన్-న-రన్ అని విరవాలి, నోటితో మాత్రం హె-రి-న-రన్ అంటారు. అంటే డిక్షనరీలో చుక్కలు పెట్టి చూపించే విరుపు రాయడానికి మాత్రమే, దాన్ని చూసి పలికితే తేడా వస్తుంది. ఈ ముక్క ఏ కోర్సు పుస్తకంలోనూ నాకు కనబడలేదు. నెట్‌లో ఉన్న డచ్ విక్షనరీ ఈ విషయంలో మేలు. విరుపు వేరే చూపిస్తుంది, ఉచ్చారణ వేరే, చాలా మాటలకి గొంతు కూడా వినొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం మనవాళ్ళకి కలిసొస్తుంది. డచ్‌వాళ్ళు ల్, ర్ తర్వాత ఇంకో హల్లు వస్తే చాలాసార్లు మధ్యలో చిన్న అచ్చు దూరుస్తారు. పాలని మెలక్ అంటారు, ఊరిని దొరప్ అంటారు, సినిమాని ఫిలమ్ అంటారు. మనం ఫిలిం అన్నట్టే. స్కూల్లో ఇంగ్లీషు టీచరు కొట్టి మాన్పించిన అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

జూన్, జూలైల్లో మినహాయింపులు మొదలయ్యాయి, నా ఉత్సాహం కొంచెం తగ్గింది. టౌన్‌హాలు స్తత్-హౌస్‌లో ఊనిక రెండోదాని మీద. అదే ఖ-మేన్-త-హౌస్‌లో మొదటి భాగం మీద. ఎందుకంటే "అంతే" అంటారు. ఊళ్ళ పేర్లు సరేసరి. ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్, మా ఆమ్‌స్టెల్‌వేన్, అన్నిటికీ చివర. ఐంధోవెన్, ఉట్రెక్ట్, హిల్వర్సమ్‌లకి మొదట. ఐదేళ్ళుగా ఉంటున్న ఊరి పేరు నేను సరిగ్గానే పలుకుతున్నానని అప్పుడు తెలిసింది, చివరి దీర్ఘం పుణ్యమా అని. హైస్పీడ్ రైలు మార్గం హో-ఖ-స్నెల్-హెయ్ట్స్-లెయ్న్‌లో ఊనిక 'స్నెల్' మీద. ముందున్నది 'హోఖ' అనే విశేషణం కాబట్టి అది తగ్గుతుంది. ఇలాంటివి సూత్రం పట్టుకుని కూర్చుంటే రావు, వింటేనే వస్తాయి.

అయితే సరదా కూడా ఉంది. ఒక సాయంత్రం మొత్తం రెండు రకాలుగా కోయగలిగే మాటలతోనే గడిపాం. వల్‌కౌల్ అంటే పడిపోయే గొయ్యి, వల్-కౌల్ అని కోయాలి. తప్పుగా వల్క్-ఔల్ అని కోస్తే డేగ-గుడ్లగూబ అవుతుంది. నేను సరిగ్గా ఆ గుడ్లగూబనే చదివాను. ఇంకోటి మసాజ్ చేయించుకునే మంచం, మ-సా-జ-బెద్. అవే అక్షరాలని మస్స-ఖబెద్ అని కోస్తే సామూహిక ప్రార్థన. అతుకు మారితే ఊనిక మారింది, అచ్చు మారింది, 'జ' కాస్తా 'ఖ' అయింది. బాంబు ఉందని వచ్చే బెదిరింపు కబురు బొమ్-మెల్దింగ్. దాన్నే బొమ్మల్-దింగ్ అని కూడా చదవొచ్చు. ఈ రెంటిలో ఊనిక మాత్రం మొదటి 'బొమ్' మీదే, తేడా అంతా మధ్యలో ఉన్న 'మె' మీద కొంచెం బరువు పెడతామా, మింగేస్తామా అన్నదే. మా ఇంట్లో ఈ ఆట ఇప్పటికీ ఆడుకుంటాం, అమ్మాయే గెలుస్తుంది. గిన్నిస్ బుక్కులోకి ఎక్కిన 49 అక్షరాల మాటని కూడా ఆవిడ ఒకరోజు బోర్డు మీద రాసింది. పిల్లల కార్నివాల్ ఊరేగింపు సన్నాహాల పనులు అని అర్థం. కిన్-దర్-కర్-న-వల్స్-ఒప్-తొఖ్త్-వోర్-బ-రెయ్-దింగ్స్-వెర్క్-సామ్-హే-దన్. పదిహేను ముక్కలు. నాకు 'కిన్' మీద నొక్కి, ఊపిరి ఆగకుండా చివరిదాకా వెళ్ళడానికి ఆ గంటంతా పట్టింది. నిజజీవితంలో ఆ మాట ఎవరూ వాడగా వినలేదు.

ఆగస్టు చివర్లో ఇక చాలు, పరీక్ష రాయి అంది ఆవిడ. డీయూఓ వెబ్‌సైట్‌లో (ఈ పరీక్షలు పెట్టే ప్రభుత్వ సంస్థ అది) దిజిదే అనే ప్రభుత్వ లాగిన్‌తో లోపలికెళ్ళి, 60 యూరోలు కట్టి చూస్తే ఆమ్‌స్టర్‌డామ్‌లో దగ్గర తేదీలు లేవు. రోటర్‌డామ్‌లో అక్టోబరులో దొరికింది. దొరికిన తేదీ వదులుకోవద్దని నా సలహా, మర్నాడు చూస్తే అదీ ఉండకపోవచ్చు. స్కిపోల్ విమానాశ్రయం నుంచి ఇంటర్‌సిటీ డైరెక్ట్ రైలు ఎక్కితే అరగంట లోపే. కాకపోతే అప్పట్లో ఆ మార్గంలో టికెట్ మీద అదనపు చార్జీ ఉండేది, ప్లాట్‌ఫామ్ మీది మెషీన్ దగ్గర కార్డు చూపించాల్సి వచ్చేది. దాన్ని మర్చిపోయి చాలామంది ఎక్కేసేవాళ్ళు.

పరీక్ష కంప్యూటర్ ముందే, ఎదురుగా మనిషి ఉండరు. ఫోను, బ్యాగు లాకర్లో. గుర్తింపు కార్డు చూసి లోపలికి పంపారు. హెడ్‌ఫోన్లు, మైకు. చిన్న వీడియోలో ఎవరో ఒక ప్రశ్న అడుగుతారు, మైకులో జవాబు చెప్పాలి. ముప్పై అయిదు నిమిషాలు. ఎవరూ హెచ్చరించని సంగతి ఒకటి చెబుతాను. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడతారు. నా పక్కనాయన గొంతు పెద్దది, తన వారాంతం గురించి, తన కుక్క గురించి చెబుతూనే ఉన్నాడు. నా హెడ్‌ఫోన్ దాటి వినిపిస్తోంది. మొదటి రెండు ప్రశ్నలకి జవాబు చెబుతూ ఆయన కుక్కనే విన్నాను. ఇంట్లో ఒకసారి టీవీ పెట్టుకుని ప్రాక్టీసు చేసి ఉంటే బాగుండేది.

ఇంకో ఆశ్చర్యం, అంత కుస్తీపట్టిన పొడుగు మాటల్లో ఒక్కటీ అడగలేదు. ఏ2 స్థాయిలో అడిగేవి సెలవుల్లో ఏం చేస్తారు, ఇంట్లో వంట ఎవరు చేస్తారు లాంటివి. డాక్టరు గురించి వచ్చిన ఒక ప్రశ్నకి నేనే కావాలని హౌస్-అర్ట్-సన్-పొస్ట్ అన్నాను. రాత్రిపూట తెరిచి ఉండే డాక్టర్ల కేంద్రం. 'హౌస్' మీద నొక్కాను. ఎవరు విన్నారో తెలియదు కానీ నాకు తృప్తిగా అనిపించింది. పరీక్ష కోసమే అయితే ఇంత కష్టం అక్కర్లేదని నిజాయితీగా చెప్పాలి. రెండు మూడు ముక్కల మాటలు సరిగ్గా నొక్కితే సరిపోతుంది, ఊనిక లేని చోట సాగదీయకుండా ఉంటే సరిపోతుంది. ఆఫీసులో పని చేయాలంటే మాత్రం కావాలి.

ఫలితం ఎనిమిది వారాల లోపు వస్తుందంటారు. నాకు ఆరు వారాలకి వచ్చింది, డిసెంబరు మొదటి వారంలో. ఖస్లాఖ్త్, పాస్. వివరాలేమీ ఉండవు, ఏ ప్రశ్నకి ఎంత వేశారో చెప్పరు. టీచరుకి మెసేజ్ పెడితే, "'స్లాఖ్త్' మీద నొక్కావా?" అని తిరిగొచ్చింది.

మొత్తం ఖర్చు లెక్కవేస్తే థెరపిస్టుకి వందకి పైగా, పరీక్షకి 60, రైలు, అదనపు చార్జీ. తాల్‌హౌస్‌కి సున్నా, ఆవిడకి సంక్రాంతికి చేసిన అరిసెలు తప్ప. ఎవరైనా ఇప్పుడు మొదలుపెడుతుంటే తాల్‌హౌస్‌లో పేరు ముందే రాయించుకోండి, ఆ మూడు నెలల ఎదురుచూపులో మిగతా పరీక్షలు అయిపోతాయి. ప్రాత్ సాఫ్ట్‌వేర్ దించుకుని మీ గొంతు మీరే చూసుకోండి. నేర్చుకోవడానికి ఒక గంట పడుతుంది, ఆ అరగంట ఫీజు మిగులుతుంది.

ఫోన్ లైన్ మెషీన్‌తో మొన్న మళ్ళీ మాట్లాడాను. ఆ పాత పొడుగు మాట వదిలేసి, అందరూ అనే జొర్ఖ్-వర్-జే-క-రింగ్ అన్నాను, 'జొర్ఖ్' మీద నొక్కి. వెంటనే పట్టుకుంది. తర్వాత పాలసీ నంబరు అడిగింది. అంకెల దగ్గర మళ్ళీ ఇరుక్కున్నాను. డచ్‌లో ఇరవై నాలుగుని నాలుగూ-ఇరవై అంటారు కదా, ఆ సంగతి ఇంకో రోజు రాస్తాను. సమాజం పేపరు మార్చిలో ఉంది, 40 యూరోలు కట్టేశాను.